ఫోన్ మానేయకుండానే మీ మీద మీకు నమ్మకం పెంచుకోవడం ఎలా?

ఇంటర్ నుంచి డిగ్రీ, బీటెక్ దాకా చదువుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. "నాకు కాన్ఫిడెన్స్ లేదు" అనే మాట ఈ వయసువాళ్ల నోట తరచూ వింటున్నాను. వాళ్ల ఫోన్లు చూస్తే మోటివేషన్ రీల్స్ బోలెడు సేవ్ చేసి ఉంటాయి. రాత్రి చూస్తున్నంతసేపూ ఊపు వస్తుంది, పొద్దున లేచేసరికి ఏమీ మిగలదు.

దానికి కారణం ఉంది. "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందని ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో చెప్పాడు. స్వయంగా చేసి చూడటం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మకమున్నవాళ్లు చెప్పడం, ఆ సమయానికి మన ఒంట్లో, మనసులో ఉన్న స్థితి. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిదే. ఫోన్లో రెండోదీ మూడోదీ ఎంత కావాలంటే అంత దొరుకుతాయి. మొదటిది దొరకదు, దాన్ని మనమే చేసుకోవాలి. నిద్ర పోగొట్టి నాలుగోదాన్ని కూడా ఫోనే పాడు చేస్తుంది. కింద చెప్పే పనులన్నీ ఈ నాలుగింటినీ మళ్లీ దారిలో పెట్టుకోవడానికి.

ఫోన్ మానేయమని మాత్రం చెప్పను. నోట్స్, ఫీజు గడువు, హాల్ టికెట్ లింకు అన్నీ క్లాస్ వాట్సాప్ గ్రూపులోనే వచ్చే రోజుల్లో అది అయ్యే పని కాదు.

1. వారం రోజులు ఏమీ మార్చకుండా గమనించండి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది, ఐఫోన్‌లో అయితే స్క్రీన్ టైమ్. ఏ యాప్ ఎంతసేపు చూశారో, రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తీశారో అక్కడ కనిపిస్తుంది. ఆ లెక్క చూసి కంగారు పడకండి. దానికన్నా పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఏం తెరిచాను, ఎందుకు తెరిచాను, మూసేటప్పుడు మనసు ఎలా ఉంది. రోజుకు నాలుగైదుసార్లు రాసినా చాలు.

స్టోరీ పెట్టిన రాత్రిని ప్రత్యేకంగా గమనించండి. అక్క పెళ్లిలో దిగిన ఫోటో తొమ్మిదింటికి పెడతారు. ఐదు నిమిషాలకే ఎవరెవరు చూశారో ఆ జాబితా తెరుస్తారు. పేర్లన్నీ దాటుకుంటూ వేలు ఒకే ఒక్క పేరు కోసం వెతుకుతుంది. ఆ పేరు కనిపిస్తే, చూసి కూడా ఏమీ అనలేదేమని దిగులు. కనిపించకపోతే, ఆన్‌లైన్‌లో ఉండి కూడా చూడలేదేమని దిగులు. పదకొండైనా కెమిస్ట్రీ పుస్తకంలో పేజీ మారదు. ఆ రాత్రి మూడో గడిలో ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇలా అనిపించడం మీ ఒక్కరి బలహీనత కాదు. మనుషులు తమను తాము అంచనా వేసుకోవడానికి తమకు దగ్గరగా ఉన్నవాళ్లతో పోల్చుకుంటారని లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. సినిమా హీరో కారు కొంటే మనకేమీ అనిపించదు. పదో తరగతిలో మన పక్కన కూర్చున్నవాడు కొత్త బండి ఫోటో పెడితే ఆ పూట అన్నం సహించదు. ఒకప్పుడు పోల్చుకోవడానికి వీధిలో, బడిలో ఉన్న కొద్దిమందే ఉండేవాళ్లు. 2009లో ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ వచ్చింది, 2010లో ఇన్‌స్టాగ్రామ్, 2016లో జియోతో పాటు చవక డేటా. ఆ కొద్దిమంది కాస్తా వందలయ్యారు, ఎవరెక్కువో చెప్పడానికి పక్కనే ఒక అంకె కూడా వచ్చి చేరింది.

2. ఫీడ్‌లో ఎవరుండాలో మీరే తేల్చుకోండి

వారం అయ్యాక మూడో గడి మొత్తం ఒకసారి చదవండి. చూసిన ప్రతిసారీ మిమ్మల్ని నీరసపరిచే అకౌంట్లు ఐదారు బయటపడతాయి. వాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, అమెరికాలో ఎంఎస్ చేస్తున్న పెద్దనాన్నగారి అబ్బాయే కావచ్చు. అన్‌ఫాలో చేస్తే పండక్కి కలిసినప్పుడు మాట వస్తుంది. మ్యూట్ చేయండి, అవతలివాళ్లకు తెలియదు.

లైకుల సంఖ్య కనిపించకుండా దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుంచి ఉంది. మీ పోస్టులకూ, ఇతరుల పోస్టులకూ రెండింటికీ పెట్టుకోండి. రీల్స్ ఒకే రకం వచ్చి పడుతుంటే, సూచనలన్నిటినీ మొదటికి రీసెట్ చేసే ఆప్షన్ కూడా సెట్టింగ్స్‌లో ఉంది. నోటిఫికేషన్లు ఇంటివాళ్లవి, క్లాస్ గ్రూపువి ఉంచి మిగతావి ఆపేయండి.

ఖాళీ అయిన చోట ఎవరిని పెట్టుకోవాలన్నది అంతకన్నా ముఖ్యం. ఎదుటివాళ్లను చూసి మనకు నమ్మకం కలగాలంటే వాళ్లు మనలాగే మొదలుపెట్టినవాళ్లై ఉండాలి. సివిల్స్ టాపర్ ఇంటర్వ్యూ చూస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. మీ పాలిటెక్నిక్‌లోనే చదివి, మొదటి ఇంటర్వ్యూలో నోరు పెగలక వెనక్కి వచ్చి, రెండోదానికి ఎలా సిద్ధమయ్యాడో చెప్పే సీనియర్‌ని చూస్తే మీ మీద మీకు ఆశ పుడుతుంది. ఏ వీడియో చూసినా, అయిపోయాక ఒకటి అడగండి: రేపు నేను చేసి చూడగలిగిన పని ఇందులో ఒక్కటైనా దొరికిందా? దొరక్కపోతే అది కాలక్షేపం. కాలక్షేపం తప్పేమీ కాదు, దాన్ని ఎదుగుదల అనుకోకుండా ఉంటే చాలు.

3. ఒక చిన్న పని మొదలుపెట్టండి, నెల వరకు ఎవరికీ చూపించకండి

అన్నిటిలోకీ అసలైన పని ఇదే. మిగతావన్నీ దీనికి చోటు ఖాళీ చేయడానికే.

భయంతోనో సిగ్గుతోనో మీరు తప్పించుకు తిరుగుతున్న పనుల్లోంచి ఒకటి ఎంచుకోండి. అది రోజూ పావుగంటలో అయిపోవాలి. అయిందో లేదో ఇంకొకరి అభిప్రాయం అడగకుండానే తెలిసిపోవాలి. చెడిపోయినా పెద్దగా నష్టం ఉండకూడదు. "ఇంగ్లిష్ బాగా మాట్లాడాలి" అన్నది ఈ షరతులకు నిలవదు. "ఈ రోజు విన్న పాఠం గురించి రాత్రి ఒక నిమిషం ఇంగ్లిష్‌లో మాట్లాడి రికార్డ్ చేస్తాను" అన్నది నిలుస్తుంది.

తెలుగు మీడియంలో పది పూర్తి చేసి, డిగ్రీకి వచ్చాక ఇంగ్లిష్ మీడియంలో పడ్డ ఒక అమ్మాయి ఇలాగే మొదలుపెట్టింది. మొదటి రికార్డింగ్‌లో సగం కూడా కాకముందే మాట ఆగిపోయింది. మిగతాదంతా ఫ్యాను చప్పుడు, మధ్యలో ఒకసారి "అంటే..." అన్న గొంతు. డిలీట్ చేయొద్దన్నాను. తేదీ వేసి ఒక ఫోల్డర్‌లో దాచుకుంది. ఎక్కడ మాట తడబడిందో, అక్కడ కావలసిన మాట ఏమిటో మాత్రం కాగితం మీద రాసుకునేది. చాలాసార్లు అది పెద్ద మాటేమీ కాదు. "ఎందుకంటే", "ఉదాహరణకు", "అయినా సరే" లాంటివి ఇంగ్లిష్‌లో ఏమనాలో తట్టేది కాదు, అంతే. అలాంటివి ఒక పది నోటికి వచ్చేసరికి నిమిషం నిండటం మొదలైంది. సెమిస్టర్ చివర మొదటి రికార్డింగూ, ఆ రోజుదీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని వింది. గ్రామర్ తప్పులు ఇంకా ఉన్నాయి. మొదలుపెట్టిన వాక్యం మాత్రం చివరిదాకా వెళ్తోంది. బాగుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. క్లాస్ సెమినార్‌కు తనే వెళ్లి పేరు ఇచ్చింది.

మీ పని వేరే కావచ్చు. ఇంట్లో అన్నీ నాన్నే చూసుకోవడం వల్ల ఒంటరిగా బ్యాంకు మెట్లెక్కని పిల్లలు చాలామంది ఉన్నారు. మీ అకౌంట్ కేవైసీ మీరే వెళ్లి పూర్తి చేసుకుని రండి, కౌంటర్ దగ్గర ఎవరైనా కసురుకున్నా సరే. తమ్ముడికి భిన్నాలు నేర్పండి. మర్నాడు మీరిచ్చిన కొత్త లెక్క వాడు సొంతంగా చేస్తే మీరు నేర్పగలరన్నమాట. కోడింగ్ నేర్చుకునేవాళ్లు ఒక చిన్న ప్రోగ్రామ్ చాట్‌బాట్ సాయం లేకుండా రాయండి. ఏఐ వాడొద్దని కాదు. ముందు పావుగంట మీ బుర్ర పెట్టి, ఎక్కడ ఆగిపోయారో తెలిశాక అడగండి. అసైన్‌మెంట్ మొత్తం అదే రాసిపెడితే మార్కులు వస్తాయి. "నేను చేశాను" అని లోపల మిగలాల్సింది మాత్రం మిగలదు, వైవాలో ఆ సంగతి మొదట తెలిసేది మీకే.

ఎవరికీ చూపించొద్దని ఎందుకంటున్నానంటే, పోస్ట్ చేసిన మరుక్షణం ఆ పని ఎలా ఉందో చెప్పే హక్కు చూసేవాళ్ల చేతికి పోతుంది. పని ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఒక్క వెటకారపు కామెంట్ చాలు, మానేస్తారు. పది లైకులు వచ్చినా ప్రమాదమే, మర్నాటి నుంచి లైకులు వచ్చే పనే చేయబుద్ధవుతుంది. నెల గడిచాక మీ ఇష్టం. అప్పుడు పెడితే తడబడ్డ రోజులూ కలిపి పెట్టండి, మీలాంటి ఇంకొకరికి పనికొస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజుకు మూడు ముక్కలు రాయండి: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, రేపు ఏం మార్చి చూస్తాను. "ఈ రోజు చాలా కాన్ఫిడెంట్‌గా ఉన్నాను" లాంటివి అందులో వద్దు. అవి రేపటికి మారిపోతాయి. జరిగిన పని మారదు.

4. మీ గురించి ఎవరు తేల్చారో జాబితా రాసి చూడండి

మన ఇళ్లలో పదో తరగతి ఫలితాలు రాకముందే ఎంపీసీనా బైపీసీనా తేలిపోతుంది. ఆ తేల్చడంలో పిల్లల పాత్ర తక్కువ. "నేనెవరు" అన్నది తేల్చుకోవడమే యౌవనంలో ప్రధానమైన పని అని ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త చెప్పాడు. ఆయన ఆలోచనను ముందుకు తీసుకెళ్లిన జేమ్స్ మార్షియా 1966లో రెండు ప్రశ్నలు పెట్టాడు. వేర్వేరు దారులు వెతికి చూశారా? ఒకదానికి కట్టుబడ్డారా? వెతకకుండానే పెద్దలు చూపినదానికి కట్టుబడిపోయే స్థితికి ఆయన వేరే పేరే పెట్టాడు. అలాంటి పిల్లలు పైకి చాలా నిలకడగా కనిపిస్తారు. మొదటి బ్యాక్‌లాగ్ పడ్డ రోజున "అసలు నేను ఇక్కడెందుకున్నాను" అన్న ప్రశ్న ఒక్కసారిగా మీద పడుతుంది.

ఆ ప్రశ్నకు ఫోన్ దగ్గర రెడీమేడ్ జవాబులు ఉంటాయి. ఫలానా హీరో ఫ్యాన్, ఫలానా కులం, ఫలానా పార్టీ. బయోలో ఒక్క మాట పెడితే వేలమంది తోడు దొరుకుతారు. ఒంటరిగా ఉన్న పిల్లవాడికి అది నిజంగానే ఊరటగా ఉంటుంది, కాదనను. కానీ ఆ గుంపులో నిలబడాలంటే ముక్కూ మొహం తెలియని మనిషిని, వాళ్ల అమ్మను తిట్టాల్సి వస్తుంది. అలా గడిపిన ఏడాది తర్వాత చూసుకుంటే చేతికి కొత్త పని ఒక్కటీ వచ్చి ఉండదు.

ఆదివారం ఒక గంట కూర్చుని మూడు జాబితాలు రాయండి. నాకు పుట్టుకతో వచ్చినవి. నా కోసం వేరేవాళ్లు ఎంచినవి. నేను ప్రయత్నించి చూసి, నచ్చి ఉంచుకున్నవి. మూడోది చిన్నగా ఉంటుంది. చిన్నగా ఉండటం ఈ వయసులో సహజం, దాన్ని పెంచుకోవడానికే ఈ ఏళ్లు.

మొదటి జాబితాను చెరిపేయాల్సిన అవసరం లేదు. మీ ఊరు, మీ యాస మీవే. శ్రీకాకుళం యాసనో కరీంనగర్ యాసనో కామెంట్లలో వెక్కిరిస్తే మార్చుకోకండి. డాలస్‌లో పెరిగే తెలుగు పిల్లలకు ఈ వెక్కిరింత రెండు వైపుల నుంచీ రావచ్చు, అక్కడ వాళ్ల పేరు మీద, ఇక్కడికి వస్తే వాళ్ల తెలుగు మీద. వాళ్లకూ ఇదే మాట.

రెండో జాబితాలోంచి మాత్రం ఒకదాన్ని తీసుకుని పరీక్షించండి. సీఎస్ఈ అని ఇంట్లో అనుకున్నారు, సరే. ఆ ఉద్యోగం చేస్తున్న మనిషితో అరగంట మాట్లాడండి. మీ రోజు ఎలా గడుస్తుంది? దేనికి విసుగొస్తుంది? మీ పనిలో ఏ భాగాన్ని నేను ఇప్పుడే చేసి చూడగలను? అలా చేసి చూశాక కూడా నచ్చితే అది రెండో జాబితాలోంచి మూడోదానికి మారుతుంది. నాన్న చెప్పిన దారే కావచ్చు, ఇప్పుడది మీ ఎంపిక.

5. ఫిల్టర్ లేని ఫోటో ఒకటి అలవాటు చేసుకోండి

ఇన్‌స్టాగ్రామ్ వల్ల టీనేజీ అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తమ రూపం మీద బాధ ఇంకా పెరుగుతోందని ఫేస్‌బుక్ కంపెనీ (ఇన్‌స్టాగ్రామ్ దానిదే) సొంత పరిశోధకులే రాసుకున్నట్టు 2021లో బయటికొచ్చిన పత్రాల్లో కనిపించింది. ఆ లెక్కకు ఆ అర్థం కాదని కంపెనీ వాదించింది. వాదన ఎలా ఉన్నా, రంగు తెల్లబరిచి ముక్కు సన్నం చేసే ఫిల్టర్‌లో రోజూ చూసుకునేవాళ్లకు మామూలు అద్దంలో తమ ముఖమే కొత్తగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు, దగ్గరి స్నేహితులకు పంపే ఫోటోలు ఫిల్టర్ లేకుండా పంపండి. అక్కడితో మొదలుపెడితే చాలు.

6. నిజం చెప్పే ఇద్దరు ముగ్గురిని చూసుకోండి

అమ్మమ్మ కావచ్చు, ట్యూషన్ మాస్టారు కావచ్చు, హాస్టల్ రూమ్మేట్ కావచ్చు. మీ పని చూపించి "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడగండి. వాళ్లు చెప్పిన చోట మార్చి మళ్లీ చూపించండి. ఇలా సంపాదించుకున్న "ఇప్పుడు బాగుంది" అన్న మాట చాలాకాలం నిలుస్తుంది.

రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి, అలారానికి ఒక గడియారం కొనుక్కోండి. హాస్టల్లో అయితే మంచానికి అందనంత దూరంలో పెట్టినా సరే. నిద్ర లేని పొద్దున గుండె దడదడలాడుతుంటే "నా వల్ల కాదు" అనిపిస్తుంది. అది మీ శక్తి గురించి ఒళ్లు చెప్పే నిజం కాదు, అలసట.

ఇది చదివే తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే ఒక్క మాట. పిల్లల మార్కులు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు వాళ్లను అడగండి. ఎక్కువ వచ్చినప్పుడు పెట్టి, తక్కువ వచ్చినప్పుడు ఊరుకుంటే, మీరు ఏమీ అనకపోయినా వాళ్లకు అర్థమయ్యేది అర్థమవుతుంది.

7. ఎవరైనా బెదిరిస్తే వెంటనే ఇంకొకరికి చెప్పండి

మీ ఫోటో మార్ఫింగ్ చేసి బెదిరించినా, వీడియో కాల్ రికార్డ్ చేశానని డబ్బు అడిగినా, ఒక్క రూపాయి కూడా పంపకండి. పంపితే ఆగరు, మళ్లీ అడుగుతారు. చాట్, అకౌంట్ పేరు, ఫోన్ నంబర్ స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తర్వాత రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. ముందే చాట్ డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 18 ఏళ్ల లోపువాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చేయవచ్చు. ఇంట్లో తిడతారన్న భయంతో దాచుకోవడమే బెదిరించేవాడికి బలం. అమ్మానాన్నలకు చెప్పలేకపోతే పిన్నికో, లెక్చరర్‌కో ఈ రోజే చెప్పండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో 18 లోపువాళ్లకు టీన్ అకౌంట్లు 2025లో మన దేశానికీ వచ్చాయి. అవి మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటాయి, తెలియనివాళ్లు మెసేజ్ చేయలేరు. వయసు ఎక్కువ వేసి అకౌంట్ తెరిచి ఉంటే ఈ రక్షణ మీకు అందకపోవచ్చు, సరిచేసుకోండి.

ఫలితాలొచ్చే రోజుల్లో అందరి స్టేటస్‌లూ మార్కులతో నిండిపోతాయి. ఆ రెండు మూడు రోజులు స్టేటస్‌లు చూడకపోయినా మీకు పోయేదేమీ లేదు. ఇంటర్‌లో సబ్జెక్టు పోయినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఒంటరిగా ఉండకండి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి.

8. వెబ్ ఆప్షన్లకు ముందు నోట్‌బుక్ తెరవండి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో గానీ, తెలంగాణలో డిగ్రీకి దోస్త్‌లో గానీ ఆప్షన్లు పెట్టే రోజు వచ్చినప్పుడు ఇంట్లో నలుగురూ ల్యాప్‌టాప్ చుట్టూ చేరతారు. ఫోన్లో మావయ్య ఒక కాలేజీ పేరు చెబుతాడు, యూట్యూబ్‌లో ఎవరో ఇంకో బ్రాంచి అంటారు. దానికి రెండు రోజుల ముందే మీ నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదవండి. ఎవరూ చెప్పకుండానే మీరు మళ్లీ మళ్లీ వెళ్లి కూర్చున్న పని ఏది? ఆగిపోయినా వదలకుండా మర్నాడు ఇంకోలా ప్రయత్నించినది ఏది? వాటి పక్కన గీత పెట్టండి. ఆ పేజీలు అమ్మానాన్నలకు చూపించి మాట్లాడండి. "నాకు అది ఇష్టం లేదు" అన్న మాటకు వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. "ఆరు నెలలుగా నేను ఇది చేస్తున్నాను, ఇదిగో" అంటే కూర్చుని వింటారు. అప్పటికీ ఒప్పుకోకపోతే, మొదటి రెండు ఆప్షన్లు మీవి, తర్వాతవి వాళ్లవి అన్న ఒప్పందానికి ప్రయత్నించండి. క్రమం ఒకసారి ఫ్రీజ్ చేశాక మార్చుకోవడం కష్టం, కాబట్టి ఆ మాటలు ముందు రోజు రాత్రికే పూర్తవ్వాలి.